రాజు, బంట్ల ముగింపులో ఇంజిన్ మాట ఎంతవరకు నమ్మాలి?

రాజోలు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మాయి జిల్లా స్థాయి చెస్ టోర్నమెంటులో ఒక బంటు ఎక్కువ ఉండగా ఏనుగులు మార్చేసుకుంది. గెలుస్తానని ధీమాగా మార్చుకున్న ఆట చివరికి డ్రా అయింది. ఇంటికొచ్చి ఫోన్‌లో పెట్టి చూస్తే ఏనుగుల మార్పిడికి ముందు తెల్లవైపు ప్లస్ చూపిస్తున్న ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్), మార్చుకోగానే సున్నాకి పడిపోతోంది. దీనికి తోడు కోచింగ్ మాస్టారు హోంవర్క్‌గా ఇచ్చిన ఒక బంట్ల ముగింపులో, అంటే రాజులూ బంట్లూ మాత్రమే మిగిలిన పొజిషన్‌లో, ఫోన్ కాసేపు ఒక ఎత్తు, ఇంకాసేపటికి ఇంకో ఎత్తు చెబుతోంది. "ఏది నమ్మాలి? పెద్ద ల్యాప్‌టాప్ కొంటే ఈ గొడవ తీరుతుందా?" అన్నది వారి ప్రశ్న.

అయ్యా, ముందు మీ పాప ఆట సంగతి చూద్దాం. మార్పిడి అయ్యాక బోర్డు మీద మిగిలింది ఇదీ: తెల్ల రాజు ఇ4, తెల్ల బంటు ఇ3, నల్ల రాజు ఇ6, ఆడాల్సింది తెల్ల. ఇది డ్రా. అందులో సందేహం ఏమీ లేదు. రాజులు ఎదురెదురుగా నిలబడ్డాయి, వంతు తెల్లది, కాబట్టి అపోజిషన్, అంటే ఇలా ఎదురెదురుగా ఉన్నప్పుడు వంతు లేనివాడికి దక్కే పైచేయి, నల్లది. తెల్ల రాజు ఎటు జరిగినా నల్ల రాజు మళ్ళీ ఎదురొచ్చి నిలబడుతుంది.

ఇప్పుడు అదే పొజిషన్‌లో తెల్ల బంటును ఇ3 నుంచి తీసి ఇ2లో పెట్టండి. ఇంకేమీ మార్చొద్దు. ఇప్పుడు తెల్ల గెలుస్తుంది. బంటు ఇ3కి ఒక అడుగు వేస్తే చాలు, వంతు నల్లదవుతుంది. నల్ల రాజు పక్కకి తప్పుకోవాల్సిందే. అది డి6కి పోతే తెల్ల రాజు ఎఫ్5కి, ఎఫ్6కి పోతే డి5కి చేరుతుంది, అక్కణ్ణుంచి బంటుకి దారి దొరుకుతుంది. పుస్తకాల భాషలో చెప్పాలంటే, ఇ2 బంటుకి డి4, ఇ4, ఎఫ్4 కీలక గళ్ళు, అంటే వాటిల్లో ఒకదానికి రాజు చేరితే గెలుపు ఖాయం. తెల్ల రాజు ఇ4లో ఉంది కాబట్టి వంతు ఎవరిదైనా గెలుపే. ఇ3 బంటుకి కీలక గళ్ళు ఒక వరస పైకి జరిగి డి5, ఇ5, ఎఫ్5 అవుతాయి. అక్కడికి రాజు ఇంకా చేరలేదు.

మీరు పంపిన ఎత్తుల పట్టికలో ఏనుగుల మార్పిడికి కొంచెం ముందు పాప బంటును ఇ2 నుంచి ఇ3కి నెట్టింది. బోర్డు మీద ఏ ప్రమాదమూ లేదు, ఏదో ఒకటి ఆడాలి కదా అని ఆడిన ఎత్తు అది. ఆట చేజారింది అక్కడే. మార్పిడి తప్పు కాదు, మార్పిడికి ముందు చేతిలో ఉన్న ఒక టెంపోని, అంటే వంతు ఎదుటివాడికి నెట్టడానికి పనికొచ్చే ఒక అడుగుని, ఖర్చు పెట్టేయడం తప్పు. పాపకి ఇది మందలింపుగా చెప్పకండి. బోర్డు మీద బంటును ఇ2లో పెట్టి, ఇ3లో పెట్టి, రెండూ మీరిద్దరూ ఆడి చూడండి. పదేళ్ళ పిల్లలకి కూడా ఒక్క సాయంత్రంలో పట్టుబడే విషయం ఇది, పట్టుబడ్డాక మరి పోదు.

ఇక ఇంజిన్ ఎందుకు అలా ప్లస్ చూపించి సున్నాకి దిగింది? ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు, కొందరు కోచ్‌లు కూడా పొరబడుతున్నారు. ఇంజిన్ చూపించే అంకె బంట్ల లెక్క కాదు. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌లో, 2022 చివర్లో వచ్చిన 15.1 నుంచి ఆ అంకెని గెలిచే అవకాశంతో ముడిపెట్టారు: ప్లస్ 1.00 అంటే, ఇంజిన్ తనతో తాను ఆడుకునే ఆటల్లో ఆ వైపు గెలిచే అవకాశం సుమారు 50 శాతం అని అర్థం. ముక్కలు ఎక్కువున్న పొజిషన్‌లో అది పనికొచ్చే సమాచారమే. కానీ రాజు, బంట్ల ముగింపులో అవకాశం అనే మాటకి చోటు లేదు. గెలుపు, డ్రా, ఓటమి, ఈ మూడింటిలో ఒకటే నిజం. ప్లస్ 0.90 అని కనబడితే "కొంచెం గెలుపు" అని అర్థం కాదు, "నాకు ఇంకా తేలలేదు" అని అర్థం. ఏనుగులున్నప్పుడు ఇంజిన్ చెప్పింది అంచనా. ఏనుగులు పోయి మూడు ముక్కలే మిగిలాక చెప్పింది తీర్పు. రెండూ ఒకే చోట, ఒకే రకం అంకెల్లో కనబడతాయి కాబట్టి మనకి ఒకదానికొకటి పొంతన లేనట్టు అనిపిస్తుంది.

ఆ తీర్పు ఎంత గట్టిదో కూడా చెబుతాను. రాజు, బంటు, ఎదుటి రాజు, ఈ మూడే ఉన్న పొజిషన్లన్నీ లెక్కగట్టి దాచుకోవడం కంప్యూటర్‌కి చాలా చిన్న పని. బోర్డు కుడి ఎడమలు అద్దంలో బొమ్మలాంటివి కాబట్టి బంటుకి 24 గళ్ళు చూస్తే చాలు. ఒక్కో రాజుకి 64 గళ్ళు, వంతు ఇద్దరిలో ఒకరిది. 24ని 64తో, మళ్ళీ 64తో, 2తో హెచ్చవేస్తే 1,96,608. ఒక్కో పొజిషన్‌కి గెలుపా కాదా అన్న ఒక్క బిట్ చాలు, అంటే మొత్తం 24 కిలోబైట్లు. మీరు వాట్సాప్‌లో పంపుకునే ఒక మామూలు ఫొటో అంతకంటే పెద్దది. ఇలాంటి పట్టిక ఉన్న ఇంజిన్ ఆలోచించి చెప్పదు, చూసి చెబుతుంది. దీనితో వాదించి లాభం లేదు.

ఈ పద్ధతినే పెంచుకుంటూ పోతే వచ్చేవి టేబుల్‌బేస్‌లు. మేట్ అయిన పొజిషన్ల నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ వచ్చి, బోర్డు మీద ఉండగల ప్రతి పొజిషన్‌కీ తీర్పు రాసిపెడతారు. ఇప్పుడు అందరూ వాడే సిజిజి టేబుల్‌బేస్‌లు రాజులతో కలిపి 7 ముక్కల దాకా ఉన్నాయి. 7 ముక్కలవి 2018లో పూర్తయ్యాయి. 5 ముక్కల దాకా అయితే సుమారు 1 గిగాబైట్, 6 ముక్కలకి సుమారు 150 గిగాబైట్లు, 7 ముక్కలకి వచ్చేసరికి 17 టెరాబైట్ల పైమాటే. చివరిది ఇంట్లో పెట్టుకునేది కాదు, పెట్టుకోనక్కర్లేదు కూడా. లిచెస్ సైటులో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

అసలు సమస్య 7 ముక్కలు దాటినప్పుడు మొదలవుతుంది. మాస్టారిచ్చిన హోంవర్క్ అలాంటిదే. చాలా మంచి పొజిషన్ ఇచ్చారు ఆయన. అది 1901 నాటిది, అప్పటి ప్రపంచ చాంపియన్ ఎమాన్యుయెల్ లాస్కర్, ఫిలడెల్ఫియాకి చెందిన గస్టావస్ రైక్‌హెల్మ్ పేర్ల మీద నిలిచిపోయింది. కంప్యూటర్ చెస్ రాసేవాళ్ళు దశాబ్దాలుగా తమ ప్రోగ్రాముల్ని దీని మీద పరీక్షిస్తున్నారు. చదివేవాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాను, బోర్డు మీద పేర్చుకోండి:

తెల్ల: రాజు ఎ1, బంట్లు ఎ4, డి4, డి5, ఎఫ్4.
నల్ల: రాజు ఎ7, బంట్లు ఎ5, డి6, ఎఫ్5.
ఆడాల్సింది తెల్ల. గెలిచే ఎత్తు ఒక్కటే, రాజు బి1కి.

తెల్లకి ఒక బంటు ఎక్కువ, కానీ డి వరసలో ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఒకసారి బంట్లన్నీ పరిశీలించండి. ఒక్కటీ కదలలేదు. ఎ4కి ఎదురు ఎ5, డి5కి ఎదురు డి6, ఎఫ్4కి ఎదురు ఎఫ్5. ఆట మొత్తం రెండు రాజుల నడక మీదే ఆధారపడి ఉంది. ఇలాంటి చోటే మనిషి ఆలోచనా, మెషిన్ లెక్కా ఒకదానికొకటి ఎలా పనికొస్తాయో బాగా తెలుస్తుంది.

ముందు మెషిన్ వైపు నుంచి చూద్దాం. ఒక్కో రాజుకి సగటున 5 ఎత్తులున్నాయి అనుకుందాం. రెండు వైపులా కలిపి 40 ఎత్తుల లోతుకి వెళ్ళాలంటే, అక్కర్లేని కొమ్మల్ని కోసేసే ఆల్ఫా-బీటా పద్ధతి ఎంత చక్కగా పనిచేసినా, సుమారు 5ని ఇరవైసార్లు హెచ్చవేసినన్ని పొజిషన్లు చూడాలి. అది 95 లక్షల కోట్లు. ఏ ఫోనూ చూడలేదు. కానీ నిజంగా అన్ని వేరువేరు పొజిషన్లు ఉన్నాయా? బంట్లు కదలవు. రాజులకి మిగిలిన గళ్ళు 57. ఒక రాజుకి 57, రెండోదానికి 56, వంతు ఇద్దరిలో ఒకరిది: హెచ్చవేస్తే 6,384. రాజులు పక్కపక్కన నిలబడకూడదు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఏదో ఒక బంటు పడేదాకా ఈ ఆట ప్రపంచం మొత్తం ఆ ఆరువేల చిల్లరే. ఆ లక్షల కోట్ల దారులన్నీ మళ్ళీ మళ్ళీ ఆ కొద్ది పొజిషన్లలోకే వచ్చి పడుతున్నాయి.

అందుకే ఇక్కడ హాష్ టేబుల్‌కి అంత ప్రాముఖ్యం. ఒకసారి చూసిన పొజిషన్‌ని ఇంజిన్ అందులో రాసిపెట్టుకుంటుంది. వేరే దారిలో మళ్ళీ అదే పొజిషన్ వస్తే కొత్తగా లెక్కగట్టకుండా రాసినది తీసుకుంటుంది. పొజిషన్‌ని గుర్తుపట్టడానికి ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో చెప్పిన ఉపాయమే ఈనాటికీ వాడుతున్నారు: ప్రతి ముక్కకీ ప్రతి గడికీ ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చి, బోర్డు మీదున్న వాటన్నిటినీ ఎక్స్‌క్లూజివ్ ఆర్ అనే బిట్ల లెక్కతో కలిపితే ఆ పొజిషన్‌కి ఒక గుర్తు సంఖ్య వస్తుంది. రాజు కదిలితే పాత గడి సంఖ్యని తీసేసి కొత్త గడిది కలిపితే చాలు, మొదటి నుంచి లెక్క అక్కర్లేదు. ఈ టేబుల్‌ని బాగా వాడుకునే ఇంజిన్‌కి లాస్కర్ పొజిషన్ కొద్ది క్షణాల పని. టేబుల్ లేని ప్రోగ్రామ్‌కి అదే కొరకరాని కొయ్య.

మరి మీ ఫోన్ ముందు ఇంకో ఎత్తు చెప్పి తర్వాత ఎందుకు మార్చింది? ఇంజిన్లు లోతు పెంచుకుంటూ పోతాయి. మొదట తక్కువ లోతులో చూస్తే ఏ రాజు ఎత్తు వేసినా ఒకేలా కనబడుతుంది, బంటు పడే దృశ్యం ఇంకా అందులోకి రాలేదు. పైగా జాబితాలో వెనకబడిన మామూలు ఎత్తుల్ని, అంటే చెక్ కానివి, ముక్కని కొట్టనివి, ఇంజిన్లు తక్కువ లోతులో చూసి ముందుకెళ్ళిపోతాయి. మామూలు ఆటలో ఇది మంచి పద్ధతే, సమయం బాగా ఆదా అవుతుంది. రాజు బి1కి పోవడం చూడ్డానికి అలాంటి పనికిమాలిన ఎత్తులాగే ఉంటుంది. మంచి గడి బి2 పక్కనే ఉండగా అట్టడుగు వరసలోనే పక్కకి జరగడం ఏమిటి అనిపిస్తుంది. లోతు పెరిగి బంటు పడే పొజిషన్ కనబడ్డాక అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఎగురుడే మీకు కావలసిన గుర్తు. అంకె మెల్లగా పాకుతుంటే అంచనా, గెంతితే ఇంజిన్ నిజంగా ఏదో చూసినట్టు.

ఇంకొక ఉపాయం గురించి చెప్పాలి, ఎందుకంటే బంట్ల ముగింపులో అదే బెడిసికొడుతుంది. దాన్ని నల్ మూవ్ అంటారు. "నేను ఏమీ ఆడకుండా వంతు వదిలేసినా నా పరిస్థితి బాగానే ఉందంటే, ఏదో ఒకటి ఆడితే ఇంకా బాగుంటుంది, కాబట్టి ఈ కొమ్మ ఇక చూడక్కర్లేదు" అన్నది అందులోని తర్కం. ఈ పొజిషన్ పెట్టి చూడండి: తెల్ల రాజు ఎఫ్6, బంటు ఇ5, నల్ల రాజు డి5, బంటు ఇ6. నాలుగే ముక్కలు. వంతు ఎవరిదైతే వాళ్ళు ఓడిపోతారు. తెల్ల వంతైతే రాజు ఎఫ్6 వదలాలి, వదలగానే ఇ5 బంటు పోతుంది. నల్ల వంతైతే డి5 వదలాలి, వదలగానే ఇ6 పోతుంది. మన డెల్టాలో దాళ్వాకి కాలవ నీళ్ళు వంతుల వారీగా వదులుతారు, వంతు ఎప్పుడొస్తుందా అని రైతు కాచుకుని ఉంటాడు. ఇక్కడ వంతు రాకపోతే బాగుండు అని ఇద్దరు రాజులూ కాచుకుని ఉంటారు. దీన్నే జుగ్‌జ్వాంగ్ అంటారు. ఇలాంటి చోట వంతు వదిలేసినట్టు ఊహించుకున్న ఇంజిన్ తనకి అంతా బాగుందనుకుంటుంది, నిజానికి ఓడిపోయి ఉంటుంది. అందుకే మంచి ఇంజిన్లన్నీ ఆడే వైపు రాజు, బంట్లు తప్ప ఇంకేమీ లేకపోతే నల్ మూవ్‌ని పక్కన పెట్టేస్తాయి. మీ పాపకి ప్రోగ్రామింగ్ మీద ఇష్టం ఉండి తనే చిన్న ఇంజిన్ రాస్తానంటే, ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

ఇప్పుడు మనిషి వైపు. లాస్కర్ పొజిషన్‌ని ఫోన్ విప్పేసింది, బి1 అని చెప్పేసింది. అది చూసి మూసేస్తే పాపకి ఒరిగేదేమీ లేదు. రేపు ఆటలో ఇదే పొజిషన్ రాదు, ఇలాంటిది వస్తుంది. అందుకే ఇంజిన్‌ని "ఎంత" అని అడగడం మానేసి, "తెల్ల రాజు ఇక్కడుంటే నల్ల రాజు ఎక్కడుండాలి?" అని ఒక్కో గడికీ అడగాలి. గళ్ళ నోటుపుస్తకం ఒకటి తీసుకోండి.

తెల్ల రాజుకి లోపలికి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి సి4 నుంచి బి5కి, అక్కణ్ణుంచి ఎ5 బంటు మీదకి. రెండోది కుడివైపు హెచ్4 నుంచి జి5కి, ఎఫ్5 బంటు మీదకి. నల్ల రాజు ఒక్కటే రెండు గుమ్మాలూ కాయాలి.

తెల్ల రాజు సి4లో ఉంటే నల్ల రాజు బి6లో ఉండాలి. ఎ6లో ఉన్నా బి5 కాపాడినట్టేగా అని పాప అడుగుతుంది, అడగాలి కూడా. ఎ6లో ఉంటే తెల్ల రాజు డి3కి వెనక్కి వస్తుంది, అప్పుడు నల్ల రాజు సి7కి ఒక్క అడుగులో చేరలేదు. డి3లో తెల్ల రాజు ఉంటే నల్ల రాజు కచ్చితంగా సి7లోనే ఎందుకుండాలి? డి3 నుంచి హెచ్4కి నాలుగు అడుగులు. సి7 నుంచి జి5ని కాపాడే జి6కి నాలుగు అడుగులు. ఒక్క వరస ఎడమకి జరిగి బి వరసలో ఉన్నా నల్ల రాజు ఆలస్యమైపోతుంది. అదే సమయంలో సి4కి జవాబుగా బి6 కూడా ఒక్క అడుగు దూరంలో ఉండాలి. రెండు షరతులూ తీర్చే గడి సి7 ఒక్కటే.

ఇలా లెక్క కట్టుకుంటూ పోతే జతలు బయటపడతాయి. సి4కి బి6, డి3కి సి7. సి3 నుంచి సి4, డి3, డి2 మూడింటికీ వెళ్ళొచ్చు కాబట్టి దాని జత బి7. డి2 నుంచి కూడా హెచ్4కి నాలుగే అడుగులు, కాబట్టి నల్ల రాజు సి వరసలోనే ఉండాలి, దాని జత సి8. సి2కి బి8. తెల్ల రాజు జత గడిలోకి వచ్చినప్పుడు నల్ల రాజు తన జతలోకి రాగలిగితే డ్రా. రాలేకపోతే తెల్ల గెలుపు. నల్ల రాజు ముందే అక్కడ ఉండి, వంతు కూడా దానిదే అయితే అప్పుడూ తెల్ల గెలుపే.

ఈ జతల పట్టీ చేతిలో ఉంటే మొదటి ఎత్తు ఎందుకు బి2 కాకూడదో కళ్ళకి కడుతుంది. తెల్ల రాజు బి2కి వస్తే నల్ల రాజు ఎ8కి వెళుతుంది. అక్కణ్ణుంచి బి7, బి8 రెండూ ఒక్క అడుగే. సి3కి పోతే బి7, సి2కి పోతే బి8. నల్ల రాజు మూలకి పోవడం ఏమిటి అనిపించే ఆ ఎత్తే ఆటని నిలబెడుతుంది. అందుకే తెల్ల రాజు ముందుకి ఎగబడకుండా అట్టడుగు వరసలో నడుస్తుంది: బి1, నల్ల బి7, సి1, నల్ల సి7, డి1, నల్ల డి8. ఇప్పుడు తెల్ల సి2కి వస్తుంది. జత బి8, కానీ డి8 నుంచి అక్కడికి ఒక్క అడుగులో చేరడం కుదరదు. నల్ల సి8కి వస్తే తెల్ల డి2కి వెళుతుంది. నల్ల రాజు సరైన గడిలోనే ఉంది, కానీ వంతు తనదే, కదలక తప్పదు. డి7కి కదిలితే తెల్ల సి3, నల్ల సి7, తెల్ల డి3. మళ్ళీ అదే కథ: నల్ల రాజు ఉండాల్సిన చోటే ఉంది, వంతూ తనదే. బి6కి పోతే తెల్ల రాజు ఇ3 మీదుగా జి5కి పరిగెడుతుంది. ఇటువైపు డి7కి వస్తే సి4, ఆ వెంటనే బి5.

ఇదంతా కాగితం మీద మీరే కట్టాక ఇంజిన్‌ని సాక్షిగా పిలవండి. ఎడిటర్‌లో తెల్ల రాజుని సి3లో, నల్ల రాజుని బి7లో పెట్టి, ఒకసారి తెల్ల వంతు, ఒకసారి నల్ల వంతు ఇచ్చి చూడండి. తెల్ల వంతైతే డ్రా, నల్ల వంతైతే తెల్ల గెలుపు రావాలి. వంతు మార్చగానే తీర్పు తిరగబడితే అది జుగ్‌జ్వాంగ్ గడి, మీ పట్టీలో ఆ జత సరైనదే. తిరగబడకపోతే ఎక్కడో లెక్క తప్పింది, వెతుక్కోవచ్చు. ఇలా చేస్తే మెషిన్ పాప బదులు ఆలోచించదు, పాప ఆలోచనని దిద్దుతుంది. నేను భీమవరంలో నేర్పే పిల్లలతో రోజూ చేయించేది ఇదే పని. అమలాపురం, కాకినాడ టోర్నమెంట్లకి వెళ్ళే బస్సులో జేబు బోర్డు మీద కూడా చేసుకోవచ్చు, సాక్షిని రాత్రి ఇంటికొచ్చాక పిలిస్తే సరిపోతుంది.

ఇంకో అలవాటు చేసుకోండి. ఇంజిన్‌లో ఒక్క లైన్, అంటే ఒక్క ఎత్తుల వరస, కాకుండా మూడు నాలుగు లైన్లు కనబడేలా సెట్ చేయండి. బంట్ల ముగింపుల్లో తరచూ మొదటి లైన్ గెలుపు, రెండోది సున్నా అని ఉంటుంది. అలాంటి చోట సరైన ఎత్తు ఒక్కటే అన్నమాట, పాపని ఆపి ఎందుకో చెప్పమనాల్సిన చోటు అదే. అదే నాలుగు లైన్లూ గెలుపే అంటుంటే ముందుకెళ్ళిపోవచ్చు.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. 7 ముక్కలు దాటిన మూసుకుపోయిన పొజిషన్‌లో డెప్త్ (లోతు) 30, 40, 50 అని పెరుగుతున్నా అంకె ప్లస్ 1.20 దగ్గరే బిగుసుకుపోయి, లైన్‌లో రాజులు అటూ ఇటూ తిరుగుతుంటే, అది గెలుపు కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఎదుటివాడు కోట కట్టుకుని కూర్చున్నాడు, ఇంజిన్‌కి పగలగొట్టే దారి దొరకలేదు, బంటు ఎక్కువుంది కాబట్టి ప్లస్ అంటోంది. అప్పుడు మీరే గుమ్మాలు వెతకండి: రాజు లోపలికి రావడానికి దారులెన్ని, బంటు బలిచ్చి తెరవగల చోటు ఉందా, మిగిలిన టెంపోలు ఎవరికెన్ని.

మెషిన్ మనకంటే ఎంతో ముందుండే చోట్లూ ఉన్నాయి, అక్కడ దాని మాట వెంటనే వినాలి. బంట్లు దూసుకెళ్ళే చోట్లు అలాంటివే. తెల్లకి ఎ5, బి5, సి5, నల్లకి ఎ7, బి7, సి7 బంట్లుండి రాజులు దూరంగా ఉంటే, తెల్ల బి6 అని బలిస్తుంది. ఎ బంటుతో కొడితే సి6, సి బంటుతో కొడితే ఎ6. ఎలాగైనా ఒక బంటు దాటిపోతుంది. టెన్షన్‌లో మన కంటికి ఆనదు, మెషిన్‌కి కన్ను మూసి తెరిచేలోపు కనబడుతుంది. ఎవరి బంటు ముందు మంత్రి అవుతుందన్న పరుగు పందాల్లోనూ అంతే, అడుగులు లెక్కపెట్టడంలో అది పొరబడదు. రిచర్డ్ రేటి 1921లో చూపించిన పొజిషన్, తెల్ల రాజు హెచ్8, బంటు సి6, నల్ల రాజు ఎ6, బంటు హెచ్5, చూడగానే తెల్ల ఓడిపోయినట్టే అనిపిస్తుంది. రాజు జి7, ఎఫ్6 అని ఏటవాలుగా నడిచి, తన బంటు వైపూ ఎదుటి బంటు వైపూ ఒకేసారి చేరువై డ్రా చేస్తుంది. పాపకి ముందు చెప్పకుండా ఇవ్వండి, ఒకరోజు ఆలోచించుకోనివ్వండి.

ఇక ఆటలో ఏనుగుల మార్పిడి ముందు ఏం చేయాలన్నది మీ అసలు సమస్యకి మూలం. ఆట మధ్యలో ఇంజిన్ ఉండదు. అందుకే మార్చుకునే ముందు మూడు సంగతులు చూడడం నేర్పండి: మార్చాక వంతు ఎవరిది, నా రాజు కీలక గడిలో ఉంటుందా, నా దగ్గర ఊరికే వేయగల బంటు అడుగు మిగిలి ఉందా. మూడో దానికోసమే ఏనుగుల ఆటలో బంట్లని అవసరం లేకుండా నెట్టకూడదు. పాప ఇప్పటిదాకా ఆడిన ఆటల్లో ఏనుగులు మారిన ప్రతి చోటూ తీసి, మార్చక ముందు పొజిషన్, మార్చాక పొజిషన్ రెండూ టేబుల్‌బేస్‌లో పెట్టి చూడండి. 7 ముక్కల లోపు వచ్చేవి చాలానే ఉంటాయి. ఒక పది ఆటలు ఇలా చూస్తే తను ఏ అలవాటు వల్ల అర పాయింటు పోగొట్టుకుంటోందో తనకే తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ విషయానికొస్తే, దీనికోసం కొత్తది కొనక్కర్లేదండి. ఇంట్లో ఉన్న పాతదైనా చాలు. స్టాక్‌ఫిష్ ఉచితం. దాని సెట్టింగుల్లో హాష్ చాలా తక్కువగా, 16 మెగాబైట్లు అని ఉంటుంది. ర్యామ్‌ని బట్టి 512కో 1,024కో పెంచండి. 5 ముక్కల సిజిజి ఫైళ్ళు ఒక పెన్‌డ్రైవ్‌లో పడతాయి, కాపీ చేసి ఇంజిన్‌కి ఆ ఫోల్డర్ చూపించండి. నెట్ లేనప్పుడూ, కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడూ అవి పనిచేస్తాయి. 6, 7 ముక్కలు కావాలంటే లిచెస్‌లో చూసుకోండి. ఆ డబ్బుతో మంచి చెక్క బోర్డు ఒకటి, గళ్ళ నోటుపుస్తకాలు నాలుగు కొనండి. పాప కట్టిన జతల పట్టీ ఫొటో తీసి ఇక్కడ పెడితే ఎక్కడైనా తేడా ఉందేమో నేను చూస్తాను.